ఏడు సెంట్లలో ద్వారక

(వత్సవాయిలో ఒక ఇంటి అరుగు. మామయ్య సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మేనల్లుడు హైదరాబాద్‌లో ఒక గేమ్ కంపెనీలో లెవెల్ డిజైనర్. ఆన్‌లైన్ ఆటల్లో ఊళ్లూ కోటలూ అడవులూ గీయడం అతని ఉద్యోగం. పెనుగంచిప్రోలు తిరునాళ్లకని ఊరొచ్చాడు. లాప్‌టాప్‌లో సగం కట్టిన రాజధాని మామయ్య కంటబడింది.)

మామయ్య: ఇదేనట్రా నువ్వు కడుతున్న రాజధాని? ఎంతుంటుంది?

మేనల్లుడు: సింహద్వారం నుంచి రేవు దాకా 600 మీటర్లు మామయ్యా. పరిగెత్తితే నిమిషంన్నర.

మామయ్య: రాజుగారు పొద్దున్నే నడకకి బయల్దేరితే కాళ్లు సాగేలోపే ఊరు దాటిపోతాడు గదరా! జనం ఎంతమంది?

మేనల్లుడు: పేరూ పనీ పెట్టినవాళ్లు ఎనభై మంది. మిగతా జనమంటే ఆడేవాళ్లే.

మామయ్య: ఎనభై మందికి పంచాయతీ కూడా ఇవ్వరు. రాజధాని అని ఎట్లా రాసుకున్నావు? మేం 66 అడుగుల గొలుసు లాగి, వంద లింకుల్లో ఒక్క లింకు తేడా వచ్చినా మళ్లీ మొదటి రాయి దగ్గరికి వెళ్లేవాళ్లం. పటం గీసేవాడు నేలకి జవాబు చెప్పాలి. నువ్వు ఎవరికి చెబుతావు?

మేనల్లుడు: ఆడేవాడి కాలికి. మీరు మనిషి నడక గంటకి 5 కిలోమీటర్లని లెక్కేస్తారు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మామూలు పరుగే సెకనుకి 7 గజాలు. అంటే గంటకి 23 కిలోమీటర్లు. ఆయాసం రాదు, దాహం వెయ్యదు. ఆ కాలికి తగ్గట్టు ఊరు కట్టాలి. ఇంకోటి చూడండి, ఈ గుమ్మం ఎత్తు ఎంతుందనుకుంటున్నారు?

మామయ్య: మనిషి నెత్తిన ఇంకో సగం మనిషి పడుతున్నాడు. తొమ్మిది అడుగులుండాలి.

మేనల్లుడు: సరిగ్గా పట్టుకున్నారు. ఊరిని కుదించిన మేమే గుమ్మాన్ని పెంచుతాం. ఆడేవాడు ఆ బొమ్మ కళ్లతో చూడడు. దాని వీపు వెనక, కాస్త ఎత్తులో తేలుతుండే కెమెరాతో చూస్తాడు. ఆరున్నర అడుగుల గుమ్మం పెడితే కెమెరా వెళ్లి గోడకి తగులుతుంది. అందుకని కప్పు ఎత్తు చేస్తాం, మంచాల మధ్య ఎడం పెంచుతాం, మెట్లు వెడల్పు చేస్తాం. ఇంట్లో ఒక స్కేలు, వీధిలో ఒక స్కేలు, ఊరికీ ఊరికీ మధ్య ఇంకో స్కేలు.

మామయ్య: ఒకే పటంలో మూడు స్కేళ్లా! మా ఆఫీసులో అట్లా గీస్తే ఇంటికి పంపేవాళ్లు. సరే, పేరున్న ఆటల కొలతలు చెప్పు. ఎకరాల్లోకి మారిస్తేగాని నాకు బుర్రకెక్కదు.

మేనల్లుడు: మన కుర్రాళ్లు ఆడే బీజీఎంఐ తీసుకోండి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించాక 2021 జూలైలో ఈ పేరుతో వచ్చింది. అందులో ఎరాంగెల్ అనే పటం 8 కిలోమీటర్ల పొడుగు, 8 కిలోమీటర్ల వెడల్పు. వంద మంది దిగుతారు.

మామయ్య: 64 చదరపు కిలోమీటర్లు. 15,800 ఎకరాలు. తలకి 158. 1973 సీలింగు చట్టంలో ఎంత నాసి మెట్టయినా 54 ఎకరాలు దాటకూడదన్నారు. మీవాళ్లంతా డిక్లరేషన్లు ఇచ్చుకోవాల్సిందే! ఇంకా?

మేనల్లుడు: స్కైరిమ్, 2011. అది ఒంటరిగా ఆడేదే కానీ, కత్తులూ మంత్రాలూ ఉన్న ఆట ఏది వచ్చినా దానితోనే పోలుస్తారు. మంచుకొండలు, తొమ్మిది సంస్థానాలు, గుహలు అన్నీ కలిపి సుమారు 37 చదరపు కిలోమీటర్లు.

మామయ్య: తొమ్మిది వేల ఎకరాల పైచిలుకు. మన లెక్కలో రెండు మూడు రెవెన్యూ గ్రామాలు. అందులో తొమ్మిది సంస్థానాలా! వీళ్లందరికీ తిండి గింజలు ఎక్కడివి?

మేనల్లుడు: వైట్‌రన్ అనే పట్నం గోడ బయట మూడు కమతాలు కనిపిస్తాయి.

మామయ్య: మూడు కమతాల మీద ఒక పట్నం బతుకుతోందా? ఆ ఊరు అబద్ధమని అక్కడే తెలిసిపోయింది.

మేనల్లుడు: అబద్ధమంటే నేనొక అబద్ధం చెబుతా, మీరు కాదనలేరు. మాయాబజార్ ఎన్నిసార్లు చూశారు?

మామయ్య: దానికి లెక్కేమిటి?

మేనల్లుడు: అందులో ద్వారకా నగరం గుర్తుందిగా. దీపాలు వెలిగించిన మేడలు, గోపురాలు, వీధులు. 1957లో వచ్చిన ఆ సినిమా కోసం కె.వి. రెడ్డి గారు, కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ, కళాదర్శకులు గోఖలే, కళాధర్ కలిసి ఆ నగరాన్ని మద్రాసులో బొమ్మ ఇళ్లతో కట్టారు. సుమారు 300 ఇళ్లు. స్థలం 50 అడుగులు బై 60.

మామయ్య: మూడు వేల చదరపు అడుగులు. సెంటుకి 435 అడుగుల చొప్పున ఏడు సెంట్లు. ఏడు సెంట్లలో ద్వారక కట్టారట్రా!

మేనల్లుడు: ఏడు సెంట్లని ఇన్నేళ్లుగా ఏ తెలుగువాడైనా ఫిర్యాదు చేశాడా? మీరు చేశారా? నగరం చూశామనే అనుకున్నారు. నా 600 మీటర్లు దానికంటే ఎన్నో రెట్లు ఉదారం.

మామయ్య: మాట బాగానే తిప్పావు. కానీ బార్ట్‌లీ నన్ను ద్వారకలోకి దిగనిచ్చాడా? లేదు. కెమెరా ఎక్కడ పెట్టాలో ఆయన చూసుకున్నాడు, నేను కుర్చీలో కూర్చుని చూశాను. నువ్వు జనాన్ని వీధిలోకి వదిలి, సందు చివరిదాకా పొమ్మంటున్నావు. సందు చివర గోడే కనిపిస్తే వాడికి బొమ్మ ఇళ్లని తెలిసిపోదూ?

మేనల్లుడు: తెలియకుండా చూడటమే మా విద్య. దారిని తిన్నగా వెయ్యం, వంపు తిప్పుతాం. వంపు దగ్గర గుట్టో చెట్లో అడ్డం పెడతాం. కోట బురుజు మాత్రం ఎటు తిరిగినా అల్లంత దూరాన కనిపిస్తూ ఉంటుంది. ఎక్కడం దిగడం ఉన్న రెండు వందల మీటర్లు మైదానంలో అర కిలోమీటరంత అనిపిస్తుంది. వీధి మలుపు తిరగ్గానే సముద్రం కనిపించాలి; గేటు తియ్యగానే కనిపిస్తే ఊరు చిన్నదైపోతుంది.

మామయ్య: ఇన్ని తిప్పలెందుకు? ఇప్పుడు యంత్రాలున్నాయిగా. పూర్తి కొలతతోనే కట్టెయ్యండి.

మేనల్లుడు: కట్టారు మామయ్యా, అందుకే చెబుతున్నా. స్కైరిమ్ చేసిన బెథెస్డావాళ్లే 1996లో డాగర్‌ఫాల్ అని ఒకటి తెచ్చారు. దాని నేల బ్రిటన్ అంత ఉంటుందని చెప్పుకున్నారు. ఊళ్లూ గుహలూ గుళ్లూ కలిపి 15,000 చోట్ల పైన. కంప్యూటరే ముక్కలు అతికి పేర్చింది. నాలుగు ఊళ్లు చూస్తే ఐదో ఊళ్లో అదే సత్రం, అదే సందు. నడిచి పోయినవాడే లేడు. పటం మీద పేరు నొక్కి అక్కడ తేలేవాళ్లు. 2002లో వాళ్లే మారోవిండ్ తెచ్చినప్పుడు నేలని దానికి వేల వంతుల్లో ఒక వంతుకి దించి, చేత్తో కట్టారు. జనం ఇప్పటికీ తలుచుకునేది దీన్ని. డాగర్‌ఫాల్ కంటే పెద్దవీ ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచం నడిమధ్య నుంచి ప్రతి దిక్కుకీ మూడు కోట్ల మీటర్లు. విస్తీర్ణంలో ఏడు భూగోళాలు. 2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కైలో గ్రహాల సంఖ్య 18 పక్కన 18 సున్నాలు. సెకనుకొకటి చూసినా 58 వేల కోట్ల ఏళ్లు పడుతుంది. మొదట్లో కొన్నవాళ్లలో చాలామంది ఏమన్నారో తెలుసా? చెయ్యడానికి ఏమీ లేదని.

మామయ్య: మన పురాణాల్లోనూ ఉందిలే ఈ జాడ్యం. వాల్మీకి అయోధ్య పొడుగు 12 యోజనాలు, వెడల్పు 3. యోజనం 8 మైళ్లని ఒక లెక్క. ఆ లెక్కన ఆరు వేల చదరపు కిలోమీటర్లు. 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడినప్పటి హైదరాబాద్‌లు తొమ్మిది. అంత ఊళ్లో దశరథుడు ఒక కబురు చెప్పి పంపితే తిరిగొచ్చేసరికి పట్టాభిషేకం ముహూర్తం దాటిపోవాలి.

మేనల్లుడు: చూశారా? కొలత కాదు, గొప్ప చెప్పడం అది. అసలు పాత నగరాలు ఎంతుండేవో చూడండి. ఓరుగల్లు రాతికోట అడ్డంగా 1.2 కిలోమీటర్లు. కాకతీయుల రాజధాని నడిబొడ్డు మీ ఎకరాల్లో ఎంత?

మామయ్య: గుండ్రంగా ఉంటుంది కాబట్టి... 280 ఎకరాలు.

మేనల్లుడు: ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పావుగంట. రుద్రమదేవి ఏలిన కోట నా ఆటలో పట్టేస్తుంది. మనకి నగరమంటే ఇప్పుడు హైదరాబాద్, బెజవాడ కళ్లముందు మెదులుతాయి గనక నాది చిన్నదనిపిస్తోంది.

మామయ్య: అక్కడే దొరికావు. రాతికోట బయట మట్టికోట ఉంది, అది అడ్డంగా 2.4 కిలోమీటర్లు. దాని బయట ఏముంది? పాకాల చెరువు, రామప్ప చెరువు, వాటి కింద ఆయకట్టు, ఆ ఆయకట్టు మీద బతికే ఊళ్లు. ఓరుగల్లు 280 ఎకరాలే కావచ్చు, దానికి అన్నం పెట్టిన నేల ఎంత? కోట పెద్దదయ్యింది ఆ చెరువుల వల్ల. మీ ఆటల్లో కోట బయట మూడు కమతాలు, ఆ తర్వాత మంచుకొండ. నువ్వు ఊరిని తగ్గించావని కాదురా నా బాధ, ఊరికీ నేలకీ ఉన్న లంకె తెంపేశావని.

మేనల్లుడు: ఆ లంకె చూపించాలంటే పొలాలు వెయ్యాలి. పొలాల మధ్య ఏం జరుగుతుంది? ఎనిమిది గంటలు డ్యూటీ చేసి వచ్చినవాడికి ఆడుకోవడానికి ఒక గంట దొరుకుతుంది. అందులో ముప్పావుగంట మిరపచేల గట్ల మీద నడిపిస్తే రేపు రాడు.

మామయ్య: గట్ల మీద ఏం జరుగుతుందని నన్నడుగుతున్నావా? నా సర్వీసంతా గట్ల మీద జరిగిందే! 2020 డిసెంబరు 21న రాష్ట్రం మొత్తానికి భూముల రీసర్వే మొదలుపెట్టింది మన జగ్గయ్యపేట పక్కన తక్కెళ్లపాడులోనే. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. ఎంత యంత్రం వచ్చినా రైతు అడిగేది ఒక్కటే: నా గట్టు ఎక్కడ? జానెడు గట్టు కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నేను చూశాను. జానెడు నేలకి ఇద్దరు పోటీపడితే ఆ జానెడూ పెద్దదే. మీ ఏడు భూగోళాల్లో ఎవడికీ గట్టు తగాదా లేదు కాబట్టే అది నేలలా అనిపించదు.

మేనల్లుడు: అయితే మీకు నచ్చే ఆట ఒకటుంది. ఈవ్ ఆన్‌లైన్, 2003 నుంచి నడుస్తోంది. కోటల బదులు నక్షత్రాలు, గుర్రాల బదులు నౌకలు. ఆడేవాళ్లే కూటములు కట్టి నక్షత్ర మండలాలని ఏలుకుంటారు. 2014 జనవరిలో ఒక మండలం దగ్గర ఏడున్నర వేల మంది దాదాపు ఒక రోజంతా యుద్ధం చేశారు. ఎందుకొచ్చిందో తెలుసా? ఆ చోటు మీద హక్కు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన సొమ్ము సమయానికి కట్టలేదు.

మామయ్య: శిస్తు బకాయి!

మేనల్లుడు: శిస్తు బకాయే. ఇంకో విశేషం. అంతమంది ఒకచోట చేరితే సర్వరు మొయ్యలేదు. అందుకని ఆ చోట కాలాన్నే మందగింపజేస్తారు, పదో వంతు వేగానికి దాకా. అందరూ ఒకే చోట ఉండాలి గనక గడియారమే తగ్గింది.

మామయ్య: అది మర్యాద. మిగతా ఆటల్లో జనం ఎక్కువైతే ఏం చేస్తారు?

మేనల్లుడు: వార్‌క్రాఫ్ట్‌లో 2006లో ఒక కోట తలుపులు తెరిచే వేడుకకి జనం ఎగబడితే సర్వర్లు కూలిపోయాయి. 2019లో ఆ పాత ఆటని మళ్లీ తెచ్చినప్పుడు అదే ఊరికి నకళ్లు తయారుచేసి జనాన్ని పంచారు. మీరొక నకలులో ఉంటారు, నేనొక నకలులో ఉంటాను.

మామయ్య: అంటే పెనుగంచిప్రోలు తిరునాళ్లకి వచ్చిన జనాన్ని పది తిరునాళ్లుగా విడదీశారన్నమాట. తప్పిపోయిన పిల్లాడు ఏడో తిరునాళ్లలో ఏడుస్తుంటాడు, తల్లి మూడో తిరునాళ్లలో వెతుకుతుంటుంది. మైకులో ఎన్నిసార్లు పిలిచినా ఏం లాభం?

మేనల్లుడు: ఆ మాట మా మీటింగులో చెబుతా. కానీ మామయ్యా, తిరునాళ్లు నా పక్షమే. నిన్న ఊరు అదే, వీధులు అవే, మున్నేరు అదే. కొలతలో ఒక్క గజం పెరగలేదు. జనం దిగేసరికి నగరమైంది. గుడి ముందు పది గజాలు కదలడానికి అరగంట పట్టింది. చోటు ఎంతన్నది చదరపు కిలోమీటర్లు చెప్పవు, ఎంతమందితో పంచుకుంటున్నావన్నది చెబుతుంది. నా రాజధానిలో పేరున్న ఎనభై మందే కావచ్చు, రాత్రి ఎనిమిదింటికి రెండు వేల మంది ఆటగాళ్లు సంతలో బేరాలాడుతుంటే మీరు పంచాయతీ కూడా ఇవ్వననగలరా?

మామయ్య: ఇస్తాను. రెండు వేల మంది ఒకే సంతలో ఉంటే. నకళ్లు చేస్తే మాత్రం ఇవ్వను. ఇక దూరం సంగతి చెప్పు. పేరు నొక్కితే అక్కడ తేలడమన్నావే, అది నీ ఆటలోనూ ఉందా?

మేనల్లుడు: లేకుండా ఎట్లా? ఒకసారి నడిచి చూసిన చోటికి మళ్లీ నడవక్కర్లేదు.

మామయ్య: అయితే నీ రాజ్యంలో దూరమే లేదు. జగ్గయ్యపేట నుంచి నందిగామ హైవే మీద ముప్ఫై కిలోమీటర్లకి అటూ ఇటూ. బస్సులో ఎక్కి కునుకు తీసేలోపు వచ్చేస్తుంది, అది దూరమే కాదనుకుంటాం. 2023 జూలైలో ఏమైంది? నందిగామ దాటాక ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదికొచ్చింది. హైదరాబాద్, బెజవాడల మధ్య బస్సులు ఆగిపోయాయి, దారి మళ్లించారు. కొలత మారలేదు, రాళ్లు కదల్లేదు, బెజవాడ మాత్రం కాశీ అంత దూరమైంది. దారి మూసుకుపోవడమన్నది ఉంటేనే దూరమన్నదానికి అర్థం. ఎప్పుడు కావాలంటే అప్పుడు, అడిగిన క్షణాన చేర్చే నేల ఎన్ని కోట్ల ఎకరాలున్నా పెరటి దొడ్డే.

మేనల్లుడు: ఏరు పొంగితే నిజంగా ఇల్లు మునుగుతుంది, పంట పోతుంది. ఆ కష్టం అనుభవించినవాడు ఆటలోనూ అదే ఎందుకు కోరుకుంటాడు? అక్కడైనా అడ్డు లేకుండా తిరగాలనే వస్తాడు. మన జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం మీద మాంధాత చక్రవర్తిని చెక్కిన శిల్పి కూడా ఆ కోరికనే చెక్కాడు కదా.

మామయ్య: మాంధాతని తెచ్చావూ! జగ్గయ్యపేట స్తూపం నుంచి వెళ్లిన ఆ పలక ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. పురావస్తు పండితుడు బర్జెస్ 1887లో అమరావతితో కలిపి పుస్తకంలోకి ఎక్కించాడు. రెండు వేల ఏళ్ల నాటిది. బౌద్ధ కథలో ఆ మాంధాత ఏం చేశాడో తెలుసుగా? కోరితే బంగారం కురిసింది. నాలుగు ద్వీపాలూ ఏలాడు, చాల్లేదు. స్వర్గానికి పోతే ఇంద్రుడు సగం సింహాసనం ఇచ్చాడు, అదీ చాల్లేదు. మొత్తం కావాలనుకున్నాడు, కిందపడ్డాడు. మ్యాపు పెంచుకుంటూ పోయేవాళ్లందరికీ ఆ కథ చదివించు.

మేనల్లుడు: కథ మీది, రాయి నాది. శిల్పి ఏం చెక్కాడో చూడండి. నాలుగు ద్వీపాలు లేవు, స్వర్గం లేదు. రాజు చెయ్యెత్తాడు, మబ్బులోంచి నలుచదరపు నాణేలు రాలుతున్నాయి. చుట్టూ చక్రం, రాణి, గుర్రం, ఏనుగు. ఆ ఏనుగు రాజుకంటే చిన్నది! మీ ఆఫీసులో అయితే ఆ శిల్పిని ఇంటికి పంపేవాళ్లు. చక్రవర్తి ఎంతటివాడో చెప్పడానికి అతను లోకాన్ని పెంచలేదు, ఏనుగుని తగ్గించాడు. నేను చేస్తున్నదీ అదే.

మామయ్య: బాగుంది. ఒక సంగతి ఒప్పుకుంటున్నా. ఏనుగుని తగ్గించు, ఊరిని తగ్గించు, ద్వారకని ఏడు సెంట్లలో కట్టు. కానీ ఆ శిల్పి ఏనుగుని తగ్గించాడే గానీ తీసెయ్యలేదు. నువ్వు పొలాలు తీసేశావు, దూరం తీసేశావు, జనాన్ని నకళ్లు చేశావు. తగ్గించడం వేరు, లేకుండా చెయ్యడం వేరు. నీ రాజధాని గేటు బయట ఒక వాగు పెట్టు. వాగు అవతల రాజధానికి బియ్యం పంపే ఊరొకటి పెట్టు. ఆ ఊరికి మాత్రం పేరు నొక్కి తేలే సదుపాయం ఇవ్వకు. వానాకాలంలో నాలుగు రోజులు వాగు పొంగి దారి మూసుకోవాలి. సంతలో బియ్యం ధర పెరగాలి.

మేనల్లుడు: తిడతారు మామయ్యా. డబ్బు కట్టి ఆడేవాడు దారి మూస్తే ఊరుకుంటాడా? ఆట వదిలేస్తారు కొందరు. మిగిలినవాళ్లు వారం తిరక్కముందే వంతెన కట్టమని అర్జీల మీద అర్జీలు పెడతారు.

మామయ్య: పెట్టనీ. వంతెన కావాలని జనం అర్జీ పెట్టిన రోజున నీ 600 మీటర్లని రాజధాని అని నేనే రాసిస్తా, సంతకంతో సహా.